నమలుట, వాసన: మనస్సుపై వాని ప్రభావము

(అనంతపురము జిల్లా గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



పంచాయతీ సమావేశములలో మనము సాధారణముగా చెరువులు, బోరుబావులు, బాటలు, వీధిదీపములు, పారిశుద్ధ్యము మొదలగు వానిని గురించి చర్చించుచుందుము. ఇవి కంటికి కనబడు పనులు. నేడు మేము మీ యెదుట ఉంచదలచిన విషయము కంటికి కనబడనిది. పనిచేయునప్పుడు మెలకువగా నుండుట, కష్టకాలమున మనస్సు చెదరకుండుట, నేర్చినదానిని జ్ఞాపకముంచుకొనుట అను ఈ మూడింటిపైనను మనము నోట నమలు వస్తువులకును, ముక్కున పీల్చు వాసనలకును ఎట్టి ప్రభావము కలదు అనునదే ఆ విషయము.

ఇది పట్టణములలోని విద్యావంతులకు మాత్రమే సంబంధించిన సంగతి యని తలపవలదు. మన జిల్లాలో వక్కాకు సంచి లేని ఇల్లు అరుదు. తొలకరి వాసన తగులగానే ముఖము వికసించని రైతు అసలే లేడు. కనుక ఈ విషయము మన రచ్చబండకు మిక్కిలి దగ్గరది.

మన నేల, మన కష్టము

అనంతపురము పీఠభూమికి ఏడాదికి కురియు సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుచున్నవి. తూర్పు తీరము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనములు ఇచ్చటికి చేరునప్పటికి బలహీనపడుచున్నవి. ఇట్టి నేలపై వేరుశనగ పంటను నమ్ముకొని జీవించు కుటుంబములకు శ్రమయు, ఆందోళనయు నిత్యసహచరములు. పగలంతయు ఎండలో మట్టి త్రవ్వువారు, రాత్రులందు పొలము కాపలా కాయువారు, పంట లేని యేట బెంగుళూరు మొదలగు పట్టణములకు వలసపోయి మోతపని చేయువారు, తెల్లవార్లు లారీలు నడుపువారు మన గ్రామములలో ఎందరో కలరు.

గ్రామీణ ఉపాధి హామీ పథకము దేశములో ప్రప్రథమముగా 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఈ జిల్లాలోని నార్పల మండలమునకు చెందిన బండ్లపల్లి గ్రామముననే ప్రారంభింపబడినదను సంగతి మీకు తెలియును. కరవు నేలలోని కాయకష్టము దేశము దృష్టికి వచ్చుటకు అది నిదర్శనము.

ఇట్టి శ్రమజీవులు నిద్రను ఆపుకొనుటకు, ఆకలిని మరచుటకు, చింతను అణచుటకు దేనిని ఆశ్రయించుచున్నారు? వక్కాకును, కడ్డిపుడిని, ఖైనీని, గుట్కాను. "అది నోట లేనిదే చేయి ఆడదు" అని వారు చెప్పుదురు. ఈ మాటలో కొంత సత్యమున్నది, కొంత భ్రమయున్నది. ఆ రెంటిని వేరుచేసి చూపుటయే మా ప్రసంగము యొక్క ఉద్దేశము.

నమలుట యందలి గుణము

మొదట సత్యమును చూతము. నమలుట అను క్రియ మనస్సును కొంత మేలుకొల్పును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైనికుల ఆహారపు పొట్లములలో చూయింగ్ గమ్మును చేర్చిరి. మన పిల్లలు అంగడిలో కొను బబుల్ గమ్ము దీనికి సోదరి వంటిదే. నమలుటకును బుద్ధికిని గల సంబంధమును శాస్త్రజ్ఞులు పెక్కు పర్యాయములు పరీక్షించిరి.

2002లో ఇంగ్లండు దేశములోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయమున 75 మందిని మూడు జట్లుగా విభజించి యొక పరీక్ష జరిపిరి. ఒక జట్టు గమ్మును నమలెను. రెండవ జట్టు నోట ఏమియు లేకుండ నమలుచున్నట్లు నటించెను. మూడవ జట్టు ఊరకుండెను. గమ్మును నమలినవారు వినిన మాటలను వెంటనేయు, కొంత సేపటి తరువాతయు మిగిలినవారికంటె ఎక్కువగా జ్ఞప్తికి తెచ్చుకొనగలిగిరి. వారి గుండె కొట్టుకొను వేగము కూడ కొంత హెచ్చినది. దవడ కదలినప్పుడు మెదడుకు రక్తప్రసారము కొంత పెరుగును. నిద్రమత్తు కొంత తొలగును.

అయితే తరువాత ఇతరులు జరిపిన పరీక్షలలో జ్ఞాపకశక్తికి సంబంధించిన ఈ ఫలితము అన్నిచోట్లను కనబడలేదు. 2011లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధన మరియొక సంగతిని తెలిపినది. పరీక్షకు ముందు అయిదు నిమిషములు నమలినవారికి మొదటి పదునైదు, ఇరువది నిమిషములు కొంత మేలు కలిగెను. పరీక్ష జరుగుచున్నంతసేపు నమలినవారికి ఆ మేలు కనబడలేదు. మనోవ్యాకులత విషయమునను ఇట్లే. కొన్ని పరీక్షలలో నమలినవారికి ఆందోళన తగ్గినట్లు తేలినది. మరికొన్నింటిలో భేదమేమియు కానరాలేదు.

కాబట్టి నమలుట వలన చురుకుదనము కలుగుట నిజమేగాని అది స్వల్పము, అల్పకాలికము. అంతకు మించి ఆశింపరాదు. మనము ముఖ్యముగా గమనింపవలసినది మరియొకటి కలదు. ఆ మేలు నమలుట అను క్రియ వలన కలిగినది. దానికి పొగాకు అక్కరలేదు, వక్కయు అక్కరలేదు.

పూర్వుల తాంబూలములో పొగాకు లేదు

తాంబూలము మన సంస్కృతిలో గౌరవస్థానము నందినది. 1443లో విజయనగరమును దర్శించిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ అచ్చటివారు తాంబూలమును సేవించు తీరును చూచి ఆశ్చర్యపడి, అది ఆకలిని అణచుననియు, మద్యమువలె కొంత మత్తు కలిగించుననియు, నోటి దుర్వాసనను పోగొట్టుననియు వ్రాసెను. మన పెనుగొండ కూడ ఆ సామ్రాజ్యమునకు తరువాతి కాలమున రాజధానియైనది. తాంబూలము మనస్సుపై పనిచేయునను సంగతి సుమారు ఆరువందల యేండ్లకు పూర్వమే పరదేశీయుని దృష్టికి వచ్చినదన్నమాట.

కాని ఆనాటి తాంబూలములో పొగాకు లేదు. పొగాకు అమెరికా ఖండమున పుట్టిన మొక్క. పోర్చుగీసు వర్తకుల వలన అది మన దేశమునకు తరువాత వచ్చినది. "తాతల నాటి అలవాటు" అని పొగాకును సమర్థించువారు ఈ సంగతిని గుర్తింపవలెను. మన తాతల తాతలకు అది తెలియదు.

ఇక వక్క సంగతి. పడమటనున్న తుమకూరు, చిత్రదుర్గము, శివమొగ్గ జిల్లాలు వక్కతోటలకు ప్రసిద్ధి చెందినవి. వక్కలో అరెకోలిన్ అను పదార్థము కలదు. అది నరముల మండలముపై పనిచేసి, దేహమున వెచ్చదనమును, నుదుట చెమటను, గుండెకు వేగమును, మనస్సుకు తాత్కాలికమైన ఉత్సాహమును కలిగించును. సున్నము చేరినప్పుడు ఇది మరింత తీవ్రముగా పనిచేయును. క్రమముగా దేహము దానికి అలవాటుపడి, అది లేనిదే నిలువలేని స్థితి యేర్పడును.

పొగాకులోని నికోటిన్ ఇంకను గడుసుది. అలవాటుపడిన మనిషికి కొన్ని గంటలు పొగాకు దొరకనిచో చిరాకు, తలనొప్పి, పరధ్యానము కలుగును. నోట వేసికొనగానే అవి తగ్గును. దానినే అతడు "తేట" అని భ్రమించును. వాస్తవమునకు పొగాకు తాను తెచ్చిపెట్టిన బాధనే తాను కొంతసేపు తీర్చుచున్నది. అప్పిచ్చిన షావుకారే వడ్డీ కట్టుటకు మరల అప్పిచ్చినట్లున్నది ఈ వ్యవహారము. దానిని ఉపకారమని ఎవరైన అందురా?

దీనికి మనము చెల్లించు మూల్యమెట్టిదో చూడుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించిన గ్రంథమున, పొగాకు కలిసిన తాంబూలమే కాక, పొగాకు లేకున్నను వక్క స్వయముగా మానవులకు క్యాన్సరు కలిగించునని నిర్ణయించినది. 2016–17లో జరిగిన జాతీయ పరిశీలనలో మన దేశపు వయోజనులలో నూటికి 21 మందికి పైగా పొగరాని పొగాకును వాడుచున్నట్లు తేలినది. మన దేశములోని పురుషులకు వచ్చు క్యాన్సరులలో నోటి క్యాన్సరు ముందు వరుసలో నున్నది. గుట్కా, వక్కపొడి నిత్యము నమలు యువకులలో కొందరికి బుగ్గలోపలి చర్మము గట్టిపడి, నోరు తెరచుట కష్టమగుచున్నది. అన్నపు ముద్ద పట్టనంతగా నోరు మూసికొనిపోయిన ఇరువదియేండ్ల యువకుని స్థితిని ఒకసారి ఊహించుకొనుడు. కరవును జయించుటకు నమలినది మనిషినే నమలివేయుచున్నది.

నోట తెల్లని లేక ఎర్రని మచ్చ యేర్పడినను, పుండు మూడు వారములకు మానకున్నను, కారము తగిలిన మంట హెచ్చినను, నోరు మునుపటివలె తెరచుకొనకున్నను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ప్రారంభదశలో కనుగొనిన నోటి క్యాన్సరును నయము చేయుటకు అవకాశము హెచ్చు.

వాసనకును జ్ఞాపకమునకును గల చుట్టరికము

ఇప్పుడు రెండవ విషయమునకు వత్తము. మానవుని ముక్కులో వాసనలను గుర్తించు గ్రాహకములు సుమారు 400 రకములున్నవి. ఇట్టి గ్రాహకములను కనుగొని, వాసన మెదడుకు చేరు తీరును వివరించినందులకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అను శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమానము లభించినది. చూపు, వినికిడి మెదడులో ఒక కూడలిని దాటి పోవలసియుండగా, వాసన భావోద్వేగములకు, జ్ఞాపకములకు నిలయములైన భాగములకు అడ్డదారిని చేరును. అందుచేతనే సాంబ్రాణి ధూపము తగులగానే చిన్ననాటి పండుగయు, చెనిక్కాయలు పెరికిన పచ్చివాసన తగులగానే పొలమున గడపిన బాల్యమును మనసున మెదలుచుండును.

2007లో జర్మనీ దేశమున జరిగిన యొక ప్రయోగము ఆసక్తికరమైనది. కొందరికి గులాబి వాసన నడుమ వస్తువులుంచిన స్థానములను నేర్పిరి. రాత్రి వారు గాఢనిద్రలో నుండగా అదే వాసనను మరల పీల్పించిరి. మరునాడు వారు నేర్చిన స్థానములను హెచ్చుగా జ్ఞప్తియందుంచుకొనిరి. నిద్రించు మెదడు కూడ వాసన పిలుపునకు పలుకునని దీనివలన తెలియుచున్నది.

నార్తంబ్రియా విశ్వవిద్యాలయము వారే 2003లో రోజ్‌మేరీ, లావెండర్ అను పరిమళపు మొక్కల తైలములను పరీక్షించిరి. రోజ్‌మేరీ వాసన నడుమ కూర్చున్నవారి జ్ఞాపకము మెరుగుపడినదిగాని వేగము కొంత తగ్గినది. లావెండర్ వాసన మనస్సును నెమ్మదింపజేసి, తత్‌క్షణ జ్ఞాపకమును కొంత మందగింపజేసినది. 2008లో వారు పరీక్షించిన పిప్పరమెంటు వాసన చురుకుదనమును హెచ్చించినది. ఈ మొక్కలు మన తులసి, పుదీనా, మరువముల కుటుంబమునకే చెందినవి. అంతమాత్రమున తులసికోట కడ కూర్చున్న బాలునికి పాఠము తనంత వచ్చునని మేము చెప్పుట లేదు. పై ఫలితములు స్వల్పములు. పరిమళము మేలుచేయునను నమ్మకము కూడ వానిలో కొంత పాలు పంచుకొనును.

మరియొక సంగతి. ముక్కు ఏ వాసనకైనను కొద్ది నిమిషములలో అలవాటుపడును. కనుక గదినిండ అగరువత్తులు వెలిగించుట వలన ప్రయోజనము లేదు. పైగా తలుపులు మూసిన గదిలో ఆ పొగ ఊపిరితిత్తులకు హానికరము. పరిమళము సహజముగా, ఆరుబయట, అప్పుడప్పుడు తగులుటయే మేలు.

తొలకరి మట్టివాసన

వాసనలన్నిటిలో మన జిల్లావాసుల హృదయమునకు దగ్గరైనది తొలకరి మట్టివాసన. దీనికి 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనువారు "పెట్రికోర్" అను పేరు పెట్టిరి. గ్రీకు భాషలో రాతి సారము అని దాని భావము. ఎండకాలమున మొక్కలనుండి వెలువడు తైలములు రాళ్లను, మట్టిని ఆశ్రయించియుండును. వానచినుకు పడగానే అవి గాలిలో కలియును. ఉత్తరప్రదేశమునందలి కన్నౌజ్ పట్టణమున మట్టిని కాల్చి ఆ వాసనను అత్తరుగా తీయు వృత్తి పూర్వమే కలదని ఆ శాస్త్రజ్ఞులే పేర్కొనిరి.

నేలలోని సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థము ఈ వాసనకు మరియొక కారణము. దానిని 1965లో గుర్తించిరి. మానవుని ముక్కు దీనిని అత్యల్ప పరిమాణమున సయితము పసిగట్టగలదు. చినుకు నేలను తాకినప్పుడు సన్నని బుడగలు లేచి పగిలి, ఈ వాసనను తుంపరలుగా గాలిలోనికి చిమ్మునని 2015లో అమెరికా శాస్త్రజ్ఞులు వేగముగా తీసిన చిత్రములతో చూపిరి.

మాసముల తరబడి ఎండిన మన ఎర్రనేలపై తొలిచినుకు పడినప్పుడు ఈ వాసన గాఢముగా వచ్చుట ఇందువలననే. అది రైతు మనస్సున ఆశను మేలుకొల్పును. ఏడాది పొడుగున మోసిన బరువును క్షణకాలము దింపును. అది మంచిదే. కాని ఇందు ఒక ప్రమాదమును కలదు. వాన వచ్చినదని వాసన చెప్పునుగాని, ఎంత వచ్చినదో చెప్పదు. ఆ ఉత్సాహమున పదును చాలకుండగనే విత్తనము వేసి, తరువాత వాన వెనుదీయగా విత్తనపు ఖర్చంతయు నష్టపోయిన కుటుంబములెన్నియో కలవు. కనుక వాసన మనస్సును సంతోషపెట్టనిండు. విత్తుటకు మాత్రము గుంట త్రవ్వి, తడి ఎంత లోతునకు దిగినదో చేతితో చూడుడు. రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానము వారి సలహాను, గ్రామ వ్యవసాయ సహాయకుని సలహాను కైకొనుడు.

నమలుటకును, వాసనకును వర్తించు సూత్రమొక్కటే. అవి మనస్సును మేలుకొల్పగలవు. అన్నమునకు, నిద్రకు, ఆలోచనకు బదులు కాజాలవు.

పంచాయతీలు చేయదగిన పనులు

ఈ విషయమున గ్రామ పంచాయతీలు పెద్దగా ధనవ్యయము లేకుండ చేయదగిన పనులు కొన్ని కలవు.

మొదటిది, పాఠశాల పరిసరములు. 2003 సంవత్సరపు పొగాకు ఉత్పత్తుల చట్టము ప్రకారము విద్యాసంస్థలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదు. 18 ఏండ్లలోపువారికి ఎచ్చటను అమ్మరాదు. ఆహారపదార్థములలో పొగాకును గాని నికోటిన్‌ను గాని కలుపరాదని 2011 సంవత్సరపు ఆహారభద్రతా నిబంధనలు శాసించుచున్నవి. బడి ముందు అంగడిలో వ్రేలాడు గుట్కా పొట్లముల సరమును తీయించుటకు సర్పంచిగారి మాట చాలును. ఆ అంగడివాడు కూడ మన గ్రామస్థుడే. అతనిని దండించుటకు ముందు నచ్చజెప్పి, బొరుగులు, పప్పుచిక్కి, పండ్లు అమ్ముకొను దారి చూపుట మంచిది.

రెండవది, పనిస్థలములు. నీడ, త్రాగునీరు, ప్రథమచికిత్స పనిచోట ఉండవలెనని ఉపాధి హామీ చట్టము నాడే నియమించినది. ఆకలియు, దప్పికయు తీరినచో వక్కాకు అవసరము సగము తగ్గును. వేయించిన చెనిక్కాయలు, శనగలు, బొరుగులు పనివారి వెంట నుండునట్లు స్వయంసహాయక సంఘముల స్త్రీలను ప్రోత్సహింపుడు. దవడకు పనియు, కడుపునకు ఆహారమును ఒక్కసారే లభించును. అయితే బూజుపట్టిన, ముడుతపడిన, చేదెక్కిన గింజలను తప్పక ఏరివేయవలెను. వానిలో అఫ్లాటాక్సిన్ అను విషముండును. కరవునాటి వేరుశనగకు ఈ బెడద హెచ్చు.

మూడవది, మానదలచినవారికి తోడ్పాటు. పొగాకు మానిన మొదటి వారము చిరాకు, నిద్రలేమి హెచ్చుగా నుండును. తరువాత క్రమముగా తగ్గును. ఆ రోజులలో సోపుగింజలనో, లవంగమునో నోట నుంచుకొనిన కొంత ఉపశమనము కలుగును. జలాంతర్గామి నావలలో పొగత్రాగ వీలులేని నావికుల ఇబ్బందిని చూచి స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు 1967లో ఆలోచించి తయారుచేసిన నికోటిన్ గమ్ము వైద్యుని సలహాతో వాడదగినది. పొగాకు మానుటకు సలహా కొరకు 1800-11-2356 అను నంబరునకు ఫోను చేయవచ్చును.

నాల్గవది, చింత. పంట పోయి, అప్పు పెరిగి, నిద్రపట్టక కుమిలిపోవు మనిషికి పరిమళములు, నములుడు వస్తువులు ఔషధములు కావు. అతనికి మాట్లాడు మనిషి కావలెను. అట్టివారు మీ వార్డులో ఎవరో మీకు తెలియును. వారి యింటికి పొండు. ప్రభుత్వ సహాయములలో వారికి రావలసినది వచ్చినదా యని విచారింపుడు. 2022 అక్టోబరులో ప్రారంభింపబడిన టెలీ మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసిన మానసిక నిపుణులు మాట్లాడుదురు. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

అయిదవది, పచ్చదనము. పాఠశాల ఆవరణమున, పంచాయతీ కార్యాలయము ముందు నాలుగు తులసి మొక్కలు, మల్లెతీగ, వేపచెట్టు పెంచుటకు మన కరవు నేలలో సయితము చేతులు కడిగిన నీరు చాలును. పిల్లలు చదువుకొను చోట పరిమళమును, నీడయు నుండుట మంచిది. వారు పెద్దవారైన పిదప ఆ వాసన తగిలినప్పుడు తమ బడి జ్ఞప్తికి వచ్చుట అంతకంటె మంచిది.

చివరగా ఒక మనవి. పెండ్లిలో తాంబూలమిచ్చుట మానుకొనుడని మేము చెప్పుట లేదు. ఆకులో, పండులో గల గౌరవము ఇచ్చు చేతియందును, పుచ్చుకొను మనస్సునందును కలదు. నిత్యము నోట నానవేసికొను వక్కయు, కడ్డిపుడియు ఆ మర్యాదకు అవసరములు కావు. ఈ భేదమును మీ గ్రామసభలో ఇంటింటివారికి తెలియునట్లు చెప్పుడు. ప్రభుత్వ ప్రచారము కంటె, తమకు తెలిసిన పంచాయతీ సభ్యుడు చెప్పిన మాటను ప్రజలు త్వరగా ఆలకింతురు. రాబోవు గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు పెట్టి, బడి ముందరి అంగడితో ఆరంభింపుడని ప్రార్థించుచున్నాము.